కొలిచినవారు

తెర మీద ఎర్రగీత ఎడమ నుంచి కుడికి దిగుకుంటూ పోయింది.

"పదహారేళ్ళ కిందట బ్యారేజీ ఎగువన పడ్డ వాలుగ చేప సగటు పొడవు డెబ్బై ఒక్క సెంటీమీటర్లు. పోయినేడు యాభై రెండు," అంది అఖిల. "అరవై దాటితే గానీ ఆడ వాలుగకి జన పట్టదు. అంటే గుడ్లు పెట్టే వయసు రాకముందే మనం దాన్ని పట్టేసి అమ్మేసుకుంటున్నాం. ఇలాగే ఇంకో ఆరేడేళ్ళు పోతే తాడేపల్లి దగ్గర కృష్ణలో వాలుగ అనే చేప ఉండేదని చెప్పుకోవాలి."

బ్రాడీపేటలోని ఆ పరిశోధన కేంద్రం మేడమీది గదిలో పదకొండు మంది ఉన్నారు. కింది అంతస్తులో కోచింగ్ సెంటర్ పిల్లలు గోలగోలగా బయటికి వస్తున్న చప్పుడు. రాఘవమ్మ చివరి వరసలో, తలుపు పక్కన కూర్చుని గీత వంక చూస్తోంది. దాని మీది ప్రతి చుక్కా ఆమెకి తెలుసు. అదిగో, అక్కడ కాస్త పైకి లేచింది చూడు, అది వరదలు బాగా వచ్చిన మరుసటి ఏడు. ఆ తర్వాత నిలువునా పడింది, అది దోమతెర వలలు వచ్చిన ఏడు. మంగళవారం మంగళవారం సీతానగరం ఘాట్‌లో చిన్న పీట మీద కూర్చుని, ఒక్కో చేపనీ బల్ల మీద పడుకోబెట్టి కొలిచిన కొలతలవి. ఈ గదిలో ఇంకెవరి చేతికీ ఆ చేపల జిగురు అంటలేదు.

ఆఖరి పేజీ వచ్చింది. 'విశ్లేషణ: డాక్టర్ కె. అఖిల. ఆధారం: కేంద్రం సేకరించిన క్షేత్ర సమాచారం.'

రాఘవమ్మ ఆ రెండో ముక్క రెండుసార్లు చదివింది. కింద ఇంకేమైనా ఉందేమోనని చూసింది. కింద కేంద్రం ముద్ర ఉంది. అంతే.

"ఎక్సలెంట్ అమ్మా," అన్నారు కేంద్రం పెద్ద వెంకటనారాయణ గారు చప్పట్లు కొడుతూ. "ఇన్నేళ్ళూ బీరువాల్లో మూలుగుతున్న పుస్తకాలకి నువ్వొచ్చి నోరిచ్చావు. గురువారం మత్స్యకారుల సొసైటీలో కూడా ఇలాగే చెప్పు. రెండు నెలలు వల ఆపడానికి వాళ్ళు ఒప్పుకుంటే మిగతా పని నేను చూసుకుంటా." తర్వాత వెనక్కి తిరిగి, "రాఘవమ్మా, అందరికీ టీలు చెప్పు," అన్నారు.

రాఘవమ్మ లేచి మెట్లు దిగింది. టీ కొట్టు దగ్గర నిలబడి పదకొండు అని చెప్పాల్సింది పది అని చెప్పింది. తన టీ తానే మరిచిపోయానని పైకొచ్చాక తెలిసింది.

తొమ్మిదేళ్ళ కిందట అఖిల డిగ్రీ చదువుతూ రెండు నెలలు పని నేర్చుకోవడానికి వచ్చింది. మొదటి రోజు వాలుగని నోటి దగ్గర పట్టుకోబోతే రాఘవమ్మే చెయ్యి లాగేసింది. "దాని పళ్ళు చూశావా? వేలు తెగుద్ది. మెడ వెనకాల పట్టుకో, నువ్వు," అంది. అప్పుడు నువ్వు అనే పిలిచేది. పోయిన సంక్రాంతి దాటాక డాక్టర్ పట్టాతో, గాజు తలుపున్న గదితో ఆ పిల్ల మళ్ళీ వచ్చింది.

మీటింగయ్యాక అఖిల ఆమె దగ్గరికొచ్చింది. "రేపు ఘాట్‌కి నేనూ వస్తా ఆంటీ."

"మీ ఇష్టం మేడమ్."

"మేడమేంటండీ!"

"ఆఫీసు కదండీ," అంది రాఘవమ్మ, ఖాళీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి దూరుస్తూ.

మర్నాడు గుంటూరు నుంచి మొదటి బస్సెక్కి, తాడేపల్లిలో దిగి, ఆటోలో రాఘవమ్మ ఘాట్‌కి చేరేసరికి తెల్లవారింది. అఖిల అప్పటికే వచ్చేసింది. ఆఫీసు కారు గట్టు మీద ఆగి ఉంది. ఆమె చుట్టూ నలుగురు మనుషులు.

పున్నమ్మ ఎప్పటిలాగే మెట్ల పక్కన నీలం పట్టా పరిచింది. మొగుడు తెచ్చిన చేపల్ని పాతికేళ్ళుగా అక్కడే కూర్చుని అమ్ముతోంది. "డాక్టరమ్మ మొహం పేపర్లో వచ్చింది, చూశావా రాఘవమ్మా?" అంది ఫోన్ చూపిస్తూ. జిల్లా పేజీలో అఖిల ఫొటో. రెండు చేతుల్లో వాలుగ. 'వాలుగకు ప్రాణం పోస్తున్న యువ శాస్త్రవేత్త.'

"చేపని పట్టుకోవడం అలా కాదు," అంది రాఘవమ్మ. "మొప్పల్లోంచి వేళ్ళు పెట్టింది చూడు. అలా పడితే బతకదు."

"అది ముందే చచ్చిన చేపేలే," అంది పున్నమ్మ నవ్వి.

రాఘవమ్మ పీట వేసుకుంది. కొలబల్ల మీద దోసెడు నది నీళ్ళు పోసి తుడిచింది. మొదటి వాలుగని మెడ వెనక పట్టి, మూతి అడ్డచెక్కకి ఆనించి, మీసాలు పక్కకి తీసి, తోకని అరచేత్తో సాఫుగా దిద్దింది. కన్ను సరిగ్గా గీత మీదికి వచ్చేదాకా నడుం వంచింది. పొలుసు లేని చర్మం ఉదయపు వెలుతురులో తడి ఇత్తడిలా ఉంది.

"నేను రాస్తానండీ, మీరు చెప్పండి," అంటూ అఖిల వచ్చి కూర్చుని చెయ్యి చాచింది.

పదహారేళ్ళుగా చదివేదీ తనే, రాసేదీ తనే. చెయ్యి తుడుచుకోవడం, పెన్ను అందుకోవడం, మళ్ళీ చేప. రాఘవమ్మ పుస్తకం వంక ఒక్క క్షణం చూసి, ఇచ్చింది.

"నలభై ఏడున్నర," అంది. "యాభై ఒకటి. నలభై నాలుగు. ముప్పై తొమ్మిది, ఇది మరీ పిల్ల. యాభై మూడున్నర."

అఖిల గబగబా రాస్తోంది. మధ్యలో ఎవరో వచ్చి 'డాక్టర్ గారూ' అంటే తలెత్తి నవ్వుతోంది. ఆ నవ్వులో కల్లాకపటం లేదు. అదే రాఘవమ్మని ఇంకా మండిస్తోంది. ఆ పిల్ల గర్విష్ఠి అయితే ఎంత బాగుండేది! ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. ఇలా ఎవరికీ చెప్పుకోలేని కడుపుమంటని ఈ వయసులో ఏం చేసుకోవాలి?

ముప్పయ్యో చేప దగ్గర అఖిల పడవలు చూస్తానని లేచి వెళ్ళింది. సొసైటీ ప్రెసిడెంట్ పానకాలు అప్పుడొచ్చాడు. అరవై దాటిన మనిషి. లుంగీ పైకి కట్టుకుని పట్టా అంచున గొంతుక్కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, నువ్వు చెప్పు. ఆ పిల్ల మాటలు నాకు సగం అర్థం కాలా. రెండు నెలలు వల వెయ్యొద్దంటంది. ఆ లెక్కలు నిజమేనా?"

నిజమే అంటే సరిపోయేది. రాఘవమ్మ మాటని పానకాలు ఎప్పుడూ కాదనలేదు. ఆమె బల్ల మీది జిగురుని గుడ్డతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"నాకేం తెలుసన్నా, చిన్న ఉద్యోగం దాన్ని. ఆవిడ లెక్కలు ఆవిడ్నే అడగాలి."

"అదేంది అట్టంటావు?"

"ఎల్లుండి మీటింగ్‌లో అడుగు. ఈ కొలతలు తీసిందెవరు, ఏయే రోజుల్లో తీశారు అని గట్టిగా అడుగు. పుస్తకాలు తెచ్చి చూపించమను. పేరు చెప్పందే ఒప్పుకునేది లేదను."

పానకాలు ఆమె మొహం వంక తేరిపార చూశాడు. "మంచి మాట చెప్పావు," అని లేచి, మోకాళ్ళు దులుపుకుని వెళ్ళిపోయాడు.

రాఘవమ్మకి గుండెల్లో ఏదో చల్లబడినట్టనిపించింది. అడుగుతాడు. అంతమంది ముందు అడుగుతాడు. అప్పుడు ఆ పిల్ల నోటితోనే చెప్పాల్సొస్తుంది, రాఘవమ్మ గారు కొలిచారని.

పున్నమ్మ కత్తిపీట మీద నుంచి కళ్ళెత్తింది. "ఆ పిల్ల నీ చేతుల్లో పని నేర్చుకుందేగా?"

"నేర్చుకుంటే ఆ చేతులు గుర్తుండాలిగా," అంది రాఘవమ్మ.

బుధవారం మధ్యాహ్నం అఖిల ఆమెని తన గదిలోకి పిలిచింది. బల్ల మీద ఆకుపచ్చ అట్టల పుస్తకాలు రెండు ఉన్నాయి. అట్ట మీద రాఘవమ్మ అక్షరాలే: 2019, మొదటి భాగం. 2019, రెండో భాగం.

అఖిల లేచి గాజుతలుపు మూసింది. "కూర్చోండి ఆంటీ. నేను ఈ మాట ఎప్పుడో చెప్పాల్సింది. రేపు మీటింగ్ కదా, ఇవాళైనా చెప్పకపోతే బాగుండదనిపించింది."

రాఘవమ్మ కూర్చుంది. తన పేరు పెట్టనందుకు క్షమించమని అడుగుతుందనుకుంది. క్షమించాలా, కాసేపు బిగుసుకుని కూర్చోవాలా అని కూడా ఆలోచించింది.

అఖిల రెండో పుస్తకం తెరిచింది. "ఆగస్టు రెండో మంగళవారం. నలభై ఆరు చేపలు కొలిచినట్టుంది. ఆ రోజు బ్యారేజీ గేట్లు ఎత్తేశారు ఆంటీ. ఘాట్ మెట్లు మునిగిపోయాయి. నదిలోకి ఒక్క పడవ దిగలేదు."

రాఘవమ్మ ఆ పేజీ మీది తేదీ చూసింది.

"తర్వాత ఇది చూడండి." అఖిల ఒక కాగితం ముందుకి జరిపింది. "మామూలుగా చేపల్ని కొలిస్తే, ఆ అరలు పక్కన పెడితే, చివరి అంకె ఒకటీ వస్తుంది, నాలుగూ వస్తుంది, ఏడూ వస్తుంది. అన్నీ ఇంచుమించు సమానంగా వస్తాయి. మీ మిగతా పుస్తకాలన్నీ అలాగే ఉన్నాయి, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఈ ఏడు నెలలు మాత్రం, జూన్ నుంచి డిసెంబరు దాకా, సున్నాలూ ఐదులే. మనసులోంచి రాస్తే అలా వస్తాయి."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. పేజీ చివర 'కొలిచినవారు' అన్న గడిలో రాఘవమ్మ సంతకం గుండ్రంగా, ఏ తొందరా లేకుండా ఉంది.

ఆసుపత్రి వరండాలో ఇనప బెంచీ ఆమెకి గుర్తొచ్చింది. లోపల భర్త కోటి పక్షవాతంతో మంచం మీద. నెలకోసారి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నాలుగు వారాలూ ఒకేసారి నింపింది. ఒక్క సిట్టింగ్‌లో రాసినట్టు కనబడకుండా మూడు పెన్నులు మార్చి మార్చి రాసింది. సెలవు పెడితే ఆ మంగళవారాలు ఇంకెవరికో ఇస్తారని భయం. నవంబరులో కోటి పోయాడు. పోయాక కూడా నెల రోజులు గడప దాటలేక అలాగే రాసింది. జనవరిలో మళ్ళీ పీట వేసుకుని కూర్చున్న రోజు, ఇక జన్మలో ఆ పని చెయ్యననుకుంది. చెయ్యలేదు కూడా. ఎవరికీ చెప్పలేదు.

"ఎప్పుడు చూశావు?" తాను 'నువ్వు' అన్న సంగతి ఆమె గమనించలేదు.

"మార్చిలో."

మూడు నెలలు. ఈ మూడు నెలలూ ఈ పిల్ల ఎదురుపడినప్పుడల్లా నమస్కారం పెట్టింది.

"ఆ ఏడు నెలలూ తీసేసి మళ్ళీ లెక్క కట్టాను. గీతలో తేడా రాలేదు. చేప చిన్నదవుతున్న మాట నిజం. కానీ తీసేశానని రిపోర్టులో రాయలేదు. రాస్తే ఎందుకు తీశావంటారు. మీ పేరు పెడితే పుస్తకాలు తెమ్మంటారు, తెస్తే ముందు ఇదే దొరుకుతుంది." అఖిల పుస్తకం మూసింది. "అందుకే మొత్తం మీద ఎవరి పేరూ లేకుండా కేంద్రం అని పెట్టాను. మీకు ఎలా ఉంటుందో నాకు తెలుసు ఆంటీ. సోమవారం మీ మొహం చూశాను."

కృతజ్ఞత కలగాలి. రాఘవమ్మకి కలగలేదు. దొంగిలించిందనుకున్నప్పుడే హాయిగా ఉంది. అప్పుడు తను పైన ఉంది, ఆ పిల్ల కింద ఉంది. ఇప్పుడు ఆ చదువుతో పాటు, ఆ వయసుతో పాటు, ఈ దయ కూడా ఆ పిల్లదే అయింది.

"రేపు ఎవరన్నా పుస్తకాలు చూపించమంటే?" అంది.

"ఎవరడుగుతారండీ? వాళ్ళకి వల ఎన్నాళ్ళు ఆపాలన్నదే కదా బాధ."

రాఘవమ్మ లేచి బయటికొచ్చింది. మెట్ల మధ్యలో ఆగి పానకాలుకి ఫోన్ చేసింది.

"అన్నా, నిన్న నేనన్న మాట వదిలెయ్. అడగొద్దు. లెక్కలు సరిగ్గానే ఉన్నాయి, నేను చూశా."

"ఇప్పుడేం వదిలేది చెల్లెమ్మా!" పానకాలు గొంతు హుషారుగా ఉంది. "భలే మాట చెప్పావు. సొసైటీలో అందరికీ చెప్పా. పేపరోళ్ళనీ రమ్మన్నా. పుస్తకాలు తేకపోతే సంతకం పెట్టం. అంతే."

గురువారం సొసైటీ రేకుల షెడ్డులో మూడు ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి లేదు. నలభై మంది మగవాళ్ళు చాపల మీద, పది మంది ఆడవాళ్ళు గుమ్మం దగ్గర కూర్చున్నారు. వెంకటనారాయణ గారు ప్లాస్టిక్ కుర్చీలో నుదురు తుడుచుకుంటున్నారు. రాఘవమ్మ గోడవారన నిలబడింది. రాత్రంతా ఎన్నో రకాలుగా అనుకుంది. ఒంట్లో బాగాలేదని మానేద్దామని కూడా అనుకుంది.

అఖిల బాగా చెప్పింది. తెరా, గీతా లేకుండా చెప్పింది. రెండు తాళ్ళు తెచ్చి, పదహారేళ్ళ కిందటి చేప ఇంత, ఇప్పటి చేప ఇంత అని పక్కపక్కన పెట్టి చూపించింది. ఉండవల్లి వైపు గడ్డి పెరిగిన లోతులేని పాయలో వాలుగలు గుడ్లు పెడతాయని, వరదనీళ్ళు వచ్చే ఆ రెండు నెలలూ అక్కడ వల పడకుండా ఉంటే మూడో ఏటికి తేడా కనపడుతుందని చెప్పింది. ముందు వరసలో ముసలివాళ్ళిద్దరు తలూపారు. ఈ ఉపాయం తనకెందుకు తట్టలేదా అని రాఘవమ్మకి ఆ తాళ్ళ మీద కూడా అసూయ కలిగింది.

పానకాలు లేచాడు. "అంతా బానే ఉంది డాక్టరమ్మా. ఒక్క మాట. ఈ కొలతలు తీసిందెవరు?"

"మా కేంద్రం సిబ్బంది తీశారండి."

"సిబ్బందంటే? మడిసికి పేరుండదా? ఏ రోజున తీశారు, ఏ పడవలో చేపలు తీశారు, పుస్తకాలేయి? మా పొట్టకి సంబంధించిన లెక్కమ్మా ఇది. చూపిస్తే చూపించండి, లేదంటే ఈ మీటింగ్ ఇంతటితో సరి."

వెనక నుంచి నలుగురు "అవును, చూపియ్యాల," అన్నారు. పత్రిక నుంచి వచ్చినతను ఫోన్ పైకెత్తాడు.

అఖిల మొహం ఎర్రబడింది. రాఘవమ్మ వైపు చూడలేదు. చూడకూడదని గట్టిగా పట్టుబట్టినట్టు ఎదరకే చూస్తూ, "ఆ లెక్కలకి బాధ్యత నాదండి. తప్పుంటే నన్నడగండి," అంది.

రాఘవమ్మ సోమవారం నుంచీ ఎదురుచూసిన ప్రశ్న అది. గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చింది.

"కొలిచింది నేను పానకాలన్నా."

పత్రిక నుంచి వచ్చినతను ఫోన్ ఆమె వైపు తిప్పాడు.

"నీకు తెలుసు కదా నేనేనని. తెలిసీ నేను అడగమన్నానని అడిగావు. పదహారేళ్ళూ నేనే కొలిచాను. కానీ పంతొమ్మిదో సంవత్సరం జూన్ నుంచి డిసెంబరు దాకా కొలవలేదు. మా ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు. ఘాట్‌కి రాకుండానే, ఇంత ఉంటాయిలే అనుకుని రాశాను. ఆ ఏడు నెలలూ దొంగరాతలు. మేడమ్ గారు అది కనిపెట్టి, అవి తీసేసి మీకు లెక్క చెప్పారు. నన్ను బయటపెట్టడం ఇష్టం లేక ఊరుకున్నారు."

వెంకటనారాయణ గారు కుర్చీలోంచి సగం లేచారు. "రాఘవమ్మా! ఏం మాట్లాడుతున్నావ్?"

"నిజం మాట్లాడుతున్నానండీ."

ఒక్కసారిగా గోల లేచింది. "చూశారా! అన్నీ దొంగలెక్కలే!" అని ఒకడు. "వీళ్ళని నమ్మి మనం పస్తులుండాలా?" అని ఇంకొకడు. పానకాలు చెయ్యెత్తి ఆపబోయాడు గానీ అతని మొహంలోనూ కోపమే ఉంది. "ఏందమ్మా ఇది? నువ్వు కూడానా?"

గుమ్మం దగ్గర పున్నమ్మ లేచి నిలబడింది. "అరవమాకండి! ఆ ఏడు ఆవిడ రాలేదు, నాకు తెలీదా? నా పట్టా మీద ఆవిడ జాగా ఖాళీగా ఉండేది. మిగతా అన్నేళ్ళూ జొరమొచ్చినా వచ్చి కూర్చుంది. నేను చూశా. మీరూ చూశారు. చూడనట్టు మాట్టాడబాకండి."

గోల కొంచెం తగ్గింది. రాఘవమ్మ పానకాలు వైపు తిరిగింది.

"నా పుస్తకం నమ్మొద్దన్నా. నీ సంగతి చెప్పు. భుజాన వేసుకుంటే తోక నేల మీద ఈడ్చుకునే వాలుగ నీకు ఆఖరిసారి ఎప్పుడు పడింది?"

పానకాలు వేళ్ళు మడిచాడు. అతని పెదాలు లోపల్లోపల ఏవో ఏళ్ళు లెక్కపెడుతున్నాయి. షెడ్డులో పెద్దవాళ్ళందరూ అదే లెక్కలో పడ్డట్టున్నారు.

"చిన్నోడి బారసాలప్పుడు," అన్నాడు చివరికి. "ఇప్పుడు వాడికి పద్నాలుగేళ్ళు."

చర్చ ఇంకో రెండు గంటలు నడిచింది. రెండు నెలలు కుదరదన్నారు. నలభై ఐదు రోజులకి ఒప్పుకున్నారు, అదీ గడ్డి పాయ వరకే. ఇక మీదట కొలిచేటప్పుడు సొసైటీ మనిషి ఒకరు పక్కన ఉండాలన్నారు. ఎవరుంటారంటే పున్నమ్మ చెయ్యెత్తింది. పానకాలు అందరికంటే ఆఖరున సంతకం పెట్టాడు. పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా గట్టెక్కి వెళ్ళిపోయాడు.

బయట కారు దగ్గర అఖిల నిలబడి ఉంది. రాఘవమ్మ దగ్గరికెళ్ళింది.

"పానకాలుని అలా అడగమని చెప్పింది నేనే," అంది. "మంగళవారం."

"షెడ్డులో చెప్పారు కదా, విన్నాను." అఖిల గొంతులో ఏమీ లేదు. "ఎందుకు ఆంటీ?"

"నీ పేరు చూసి కడుపు మండి."

అఖిల నది వైపు తిరిగింది. పరవాలేదు అనలేదు. వెంకటనారాయణ గారు లోపల్నుంచి హారన్ కొట్టించారు. ఆమె కారెక్కింది. రాఘవమ్మ బస్సులో వచ్చింది.

శుక్రవారం ఇద్దరికీ మెమోలు అందాయి. అఖిల రిపోర్టు కింద, ఏడు నెలల కొలతలు ఎందుకు వదిలేసిందీ మూడు వాక్యాల్లో రాసి మళ్ళీ పంపింది. విచారణ తేలేదాకా రాఘవమ్మ ఘాట్‌కి వెళ్ళకూడదన్నారు. ఆఫీసులోనే ఉండి, తెచ్చిన కాగితాల్లోని కొలతలు పుస్తకంలోకి ఎక్కించడమే పని.

మంగళవారం నాలుగింటికే మెలకువ వచ్చింది. అలవాటుగా లేచి స్నానం చేసి, చీర కట్టుకున్నాక గుర్తొచ్చింది. మంచం అంచున కూర్చుంది. ఈపాటికి మొదటి బస్సు మంగళగిరి దాటి ఉంటుంది. పడవలు వస్తుంటాయి. పున్నమ్మ పట్టా పరుస్తుంటుంది. తన పీట మీద ఆ పిల్ల కూర్చుని ఉంటుంది. సోమవారం నాటి మంటకంటే ఇది లోతుగా మండింది. పేరు పోయినప్పుడు ఇంత లేదు.

పదకొండింటికి అఖిల ఆఫీసుకొచ్చింది. జుట్టు చెదిరి, చున్నీ అంచు తడిసి ఉంది. చేతి మీద చిన్న గాటు. రాఘవమ్మ బల్ల మీద నాలుగు కాగితాలు పెట్టింది. వాటికి నదీ, చేప జిగురూ కలిసిన వాసన.

గురువారం తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవడం ఇదే మొదలు.

రాఘవమ్మ కాగితాలు ఒకటొకటే తిప్పింది. మూడో కాగితం మీద ఆగింది. యాభై. నలభై ఐదు. యాభై. అరవై. వరసగా నాలుగు. తలెత్తి అఖిల వంక చూసింది. అడగనా వద్దా అనుకుంది. అడిగే హక్కు తనకి మిగిలిందా అనీ అనుకుంది.

"ఇవి చూసే రాశారా?"

అఖిల కళ్ళలో చురుక్కుమన్నట్టు ఏదో కదిలింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. కాగితం తన వైపు తిప్పుకుని మళ్ళీ చూసింది.

"మొదటి మూడూ చూసే రాశాను. ఈ అరవై..." అంది నెమ్మదిగా. "అప్పుడే చెయ్యి తెగింది. తోక సరిగ్గా దిద్దలేదు. అరవై దాకా ఉంటుందనుకుని రాశాను."

"అయితే అది చేప కాదు."

"కాదు," అంది అఖిల. పెన్ను తీసి ఆ అంకెని అడ్డంగా కొట్టేసింది. పక్కన చిన్నగా 'సరిగా కొలవలేదు' అని రాసింది. తర్వాత గాటు పడ్డ వేలిని చూసుకుంటూ, "మెడ వెనకే పట్టుకున్నాను ఆంటీ. అయినా జారింది," అంది.

"తడిగుడ్డ వాడాలి. వచ్చేవారం బల్ల పక్కన ఒకటి పెట్టుకో."

అఖిల తలూపి లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. గాజుతలుపు దానంతటదే మూసుకుంది.

రాఘవమ్మ పుస్తకం తెరిచి కొత్త పేజీ మీద తేదీ వేసింది. ముప్పై ఎనిమిది చేపలకి ముప్పై ఏడే ఎక్కించింది. ఒక్కో అంకె దగ్గరా వేలు పెట్టి సరిచూసుకుంది. అడుగున 'కొలిచినవారు' అన్న గడి దగ్గరికొచ్చేసరికి చెయ్యి అలవాటుగా తన సంతకంలోని మొదటి సున్నా చుట్టబోయింది. ఆపుకుంది. కింద కోచింగ్ సెంటర్‌లో ఎవరో పేర్లు పిలుస్తున్నారు, ఒక్కొక్కరే పలుకుతున్నారు.

కె. అఖిల, అని రాసింది. అక్షరాలు కుదురుగా, ఎవరైనా చదవగలిగేట్టు రాసింది.